కోటకు కాపలా

నిరుడు చలికాలంలో మా పెద్దవాడు తెల్లవారుజామున తనంతట తాను లేవడం మొదలుపెట్టాడు. వాడికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. అంతకుముందు ఫజ్ర్ నమాజుకు వాణ్ని లేపడమంటే మా ఇంట్లో రోజూ జరిగే ప్రహసనం. మావారు రెండుసార్లు పిలిచేవారు, నేను దుప్పటి లాగేదాన్ని, చివరికి మా అత్తగారు మంచం అంచున కూర్చుని వీపు నిమిరితే గానీ వాడు కళ్లు తెరిచేవాడు కాదు. అటువంటివాడు నాలుగున్నరకే లేచి, హాల్లో దీపమైనా వెలిగించకుండా చప్పుడు లేకుండా తిరుగుతున్నాడని గమనించినప్పుడు నా సంతోషానికి మేర లేకపోయింది. అజాన్ వినబడే వేళకు వుజూ చేసుకుని సిద్ధంగా ఉండేవాడు. తండ్రి వెంట మసీదుకు వెళ్లేవాడు. మా అత్తగారైతే కనిపించిన వారందరికీ చెప్పుకున్నారు. ఆమెకు వినికిడి బాగా తగ్గిపోయింది గనుక గట్టిగా మాట్లాడతారు. ఆ విధంగా మనవడి శ్రద్ధాభక్తులు మా వీధి మొత్తానికి తెలిసిపోయాయి.

వాడు లేస్తున్నది కోటను కాపాడుకోవడానికని నాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది.

కోట అంటే ఫోనులోని కోట. ఆ ఆటలో ప్రతి ఆటగానికీ ఒక నగరం ఉంటుంది. దాన్ని కట్టుకోవాలి, పొలాలు పండించుకోవాలి, సైన్యాన్ని పోషించుకోవాలి. ఆట మూసివేసినా ఆ లోకం ఆగదు. మనం నిద్రపోతున్నప్పుడు మరో దేశంలో మేలుకుని ఉన్నవాడు వచ్చి మన నగరాన్ని దోచుకుపోవచ్చు. అలా జరగకుండా ఉండాలంటే ‘కవచం’ వేసుకోవాలి. అది ఎనిమిది గంటలు పనిచేస్తుంది. ఇషా నమాజు, భోజనం ముగిసి పడుకోబోయే ముందు ఎనిమిదిన్నరకు మావాడు కవచం వేసేవాడు. లెక్క ప్రకారం అది తెల్లవారుజామున నాలుగున్నరకు తొలగిపోతుంది. అప్పుడు లేచి, హాల్లో చార్జింగుకు పెట్టిన నా ఫోను తీసి, మరో కవచం వేసి, ఆ తర్వాత వుజూకు వెళ్లేవాడు. నమాజు కోసం కవచమో, కవచం కోసం నమాజో అని నేను తర్వాత అడిగితే వాడు చాలాసేపు తల వంచుకుని, “రెండూ అమ్మీ” అన్నాడు. అబద్ధం చెప్పాడనుకోను.

విషయం బయటపడింది వినికిడి యంత్రాల దుకాణంలో. అత్తగారి కోసం నేను విడిగా కొంత సొమ్ము దాచాను. మావారి దుకాణపు లెక్కలతో సంబంధం లేని ఖాతా అది. ఇంటి దగ్గర కూర్చుని నేను చేసే అనువాదాల తాలూకు డబ్బు అందులో పడుతుంది. మాటకు ఒక రూపాయి చొప్పున వచ్చే డబ్బు. చెవి పరీక్ష అయింది, యంత్రం ఎంపికయింది, అత్తగారు కొత్త గాజులు తొడిగించుకున్న పెళ్లికూతురిలా అద్దంలో చెవి చూసుకుంటున్నారు. నేను ఫోనుతో డబ్బు పంపబోతే ఖాతాలో తగినంత లేదని వచ్చింది. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ అదే. దుకాణదారు మర్యాదస్థుడు, “నెట్వర్కు సమస్య అయి ఉంటుంది, రేపు రండి మేడమ్” అన్నాడు. అత్తగారికి ఆ మాట వినపడలేదు గనుక దారి పొడవునా నేనే ఏదో ఒకటి గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చి లెక్క తీశాను. పద్దెనిమిది కొనుగోళ్లు. 89 రూపాయలవి నాలుగు, 449 రూపాయలవి ఆరు, 899 రూపాయలవి ఐదు, 1,799 రూపాయలవి మూడు. మొత్తం 12,942 రూపాయలు. పాలకూ కూరగాయలకూ వాణ్ని పంపేటప్పుడు నా ఫోనే ఇచ్చి పంపుతాను. రహస్య సంఖ్య వాడికి తెలుసు. బ్యాంకు నుంచి వచ్చిన మొదటి రెండు సందేశాలను వాడు చెరిపివేశాడు. తర్వాతి వాటిని చెరపవలసిన అవసరమే రాలేదు. సందేశాల పెట్టె తెరిచి చూసే అలవాటు నాకు లేదని వాడు గ్రహించాడు. ఈ భాగంలో తప్పు వాడిదీ నాదీ కూడా.

ఆ ధరల వరుసను చూడండి. ఆటగాడు మొదట కొనేది అతి చౌకగా ఉంటుంది. ఇచ్చే సరుకు మాత్రం ఎంతో విలువైనదని, అసలు ధర పది రెట్లని దానిమీద రాసి ఉంటుంది. పక్కన గడియారం వెనక్కి తిరుగుతూ ఉంటుంది: ఇంకా రెండు గంటలే, ఇంకా గంటే. అది కొన్నవాడికి తర్వాత కనిపించేది దానికన్నా పెద్దది. మొదట్లో ఐదు నిమిషాల్లో కట్టగలిగిన గోడకు కొన్నాళ్లకు ఐదు గంటలు, తర్వాత రోజులకు రోజులు పడుతుంది. ఆ కాలాన్ని తగ్గించే వస్తువును వాళ్లే అమ్ముతారు. ముందు అడ్డంకిని కట్టి, తర్వాత దాన్ని దాటే నిచ్చెనను అమ్మడమన్నమాట. మావారు పాతికేళ్లుగా వ్యాపారం చేస్తున్నారు. ఈ పద్ధతి విని, “అంగడి ముందు గుంత తవ్వి పలక అద్దెకిచ్చినట్టుంది” అన్నారు.

అయితే నన్ను ఎక్కువగా కలతపెట్టింది ధరలు కాదు. మావాడు ఎందుకు కొన్నాడన్నది.

ఆ ఆటలో ఆటగాళ్లు జట్లుగా ఏర్పడతారు, అలయన్స్ అంటారు. మావాడి జట్టులో ఇండోనేషియావారు, టర్కీవారు, ఈజిప్టువారు ఉన్నారు. ఒకరికొకరు సలాం చెప్పుకుంటారు, రమజానులో ఎవరి ఊరిలో ఇఫ్తార్ ఎప్పుడో అడిగి తెలుసుకుంటారు. ఇంతవరకు వినడానికి బాగానే ఉంది. కానీ ఆ ఆటలో ఒక ఏర్పాటు ఉంది. జట్టులో ఎవరైనా డబ్బు పెట్టి ఏదైనా కొంటే, కొన్నవాడికే కాక జట్టులోని ప్రతి ఒక్కరికీ ఒక్కొక్క కానుక పెట్టె వెళుతుంది. కొన్నవాడి పేరు అందరికీ కనిపిస్తుంది. వెంటనే పది దేశాల నుంచి కృతజ్ఞతలు వచ్చి పడతాయి. మావాడు చేరిన మొదటి నెలలో అటువంటి కానుకలు నలభై యాభై అందుకున్నాడట. “అందరూ నాకిచ్చారు అమ్మీ. నేనొక్కణ్నే ఏమీ ఇవ్వలేదు. తీసుకుని ఊరుకుంటే బాగుండదు కదా” అన్నాడు.

కానుక ఇచ్చినవారికి తిరిగి ఇవ్వాలని వాడికి నేర్పినదాన్ని నేనే. పొరుగింటి నుంచి గిన్నెలో ఏదైనా వస్తే ఆ గిన్నెను ఖాళీగా పంపకూడదని మా అమ్మ నాకు చెప్పింది, నేను వాడికి చెప్పాను. ఆ గుణాన్నే పట్టుకుని ఎవరో ఎక్కడో కూర్చుని అమ్మకపు సాధనంగా మలిచారు. దురాశను రెచ్చగొట్టి డబ్బు గుంజారంటే అర్థమవుతుంది, బిడ్డను మందలించవచ్చు. మర్యాదను రెచ్చగొట్టి గుంజినప్పుడు ఏమని మందలించాలి? ఆ రాత్రి నాకు తోచలేదు. మావారికీ తోచలేదు. అమ్మ డబ్బు అడగకుండా తీయడం దొంగతనమని మాత్రం చెప్పాం, వాడు ఒప్పుకున్నాడు. దాదీ చెవి యంత్రం సంగతి చెప్పినప్పుడు ఏడ్చాడు.

ఏడుపు తగ్గాక వాడొక మాట అడిగాడు. మా నాన్నగారికి చదరంగమంటే ఇష్టం ఉండేదని వాడికి తెలుసు. చదరంగం విషయంలో మన ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదం ఉందనీ, చాలామంది కూడదన్నారనీ, అనుమతించినవారు కూడా షరతులు పెట్టారనీ ఆయనే వాడికి చెప్పి ఉన్నారు. పందెం ఉండకూడదు, నమాజు వేళ తప్పకూడదు, నోట చెడుమాట రాకూడదు. “నేను పందెం కాయలేదు. ఒక్క నమాజూ తప్పలేదు, ఇంకా ముందే లేచాను. ఎవర్నీ తిట్టలేదు. మరి నానా ఆడితే తప్పు కానిది నాకెట్లా తప్పయింది?” ఆ ప్రశ్నలో వెటకారం లేదు. నానా చదరంగపు పలక ఆయన నిద్రపోతుంటే తెల్లవారుజామున పిలిచేది కాదు కదా అని మాత్రం అన్నాను. అది పూర్తి సమాధానం కాదని ఇద్దరికీ తెలుసు.

ఇక నా సంగతి చెప్పాలి. ఇంతవరకు వాయిదా వేస్తూ వచ్చాను.

ఈ ఆట నీకెట్లా దొరికిందిరా అని అడిగితే, గణితం పాఠం వీడియో చూస్తుంటే మధ్యలో వచ్చిందని ఆ ప్రకటనను వెతికి చూపించాడు. కోట గుమ్మంలో ఒక స్త్రీ నిలబడి ఉంది. ఆమె వేషధారణ గురించి రాయను. కొడుకు పక్కన కూర్చుని చూడదగినది కాదని అంటే చాలు. తియ్యని గొంతుతో తెలుగులో పలికింది: “రండి ప్రభూ! మీ కోట మీ కోసం ఎదురుచూస్తోంది. మీరు లేక మీ ప్రజలు నిద్రపోవడం లేదు.”

ఆ మూడు వాక్యాలూ నేను రాసినవి.

సందేహానికి తావులేదు. ఒక ఏజెన్సీ నాకు పని పంపుతుంది. వంట నూనెలు, బీమా పత్రాలు, నీటి శుద్ధి యంత్రాలు, అన్నిటికీ తెలుగు మాటలు రాసిచ్చాను. ఏడాదిన్నర క్రితం ఒక ఆట తాలూకు ప్రకటన వాక్యాలు వచ్చాయి. ఆట పేరు ఉండవలసిన చోట ఖాళీ. బొమ్మ లేదు. వరుసగా అరవై చిల్లర వాక్యాలు, ఎవరు ఎవరితో అంటున్నారో తెలియదు. రాజుతో మంత్రి గానీ నమ్మిన సేవకుడు గానీ అంటున్నట్టుగా ఊహించుకుని రాశాను. ఏజెన్సీవారు ‘బాస్’ అని పెట్టమని సూచిస్తే, కోటలో బాస్ ఏమిటండీ అని వాదించి ‘ప్రభూ’ అని పెట్టించాను. ఆ మాట ఎంపికకు నాలో నేను కాస్త గర్వపడ్డాను కూడా. ‘మీ ప్రజలు నిద్రపోవడం లేదు’ అన్నది మూలంలో లేదు. బాగుంటుందని నేను కలిపినది. దాన్ని వాళ్లు మెచ్చుకున్నారు.

ఆ పనికి నాకు వచ్చింది నాలుగు వందల చిల్లర. అది కూడా ఆ ఖాతాలోనే పడింది, ఆ ఖాతాలోంచే పోయింది.

ఆ తర్వాత కొన్ని రాత్రులు ఈ వ్యాపారం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడంలో గడిపాను. ‘ప్రభూ’ అన్న పిలుపు నేను కనిపెట్టింది కాదని అప్పుడే తెలిసింది. 2009లో ఎవోనీ అనే ఆట అంతర్జాలంలో ఎక్కడ చూసినా ప్రత్యక్షమయ్యేది. మొదట దాని పేరు సివోనీ. 1991లో సిడ్ మీయర్ రూపొందించిన సివిలైజేషన్ అనే ప్రసిద్ధమైన ఆటను గుర్తుకు తెచ్చే పేరు. దాని బొమ్మలు మరో ప్రసిద్ధమైన ఆట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌ను పోలి ఉన్నాయని అప్పటి ఆటగాళ్లు విమర్శించారు. తొలి ప్రకటనల్లో కవచాలు తొడిగిన యోధులుండేవారు. క్రమంగా యోధులు పోయి స్త్రీలు వచ్చారు. తర్వాత ఆ స్త్రీల ఒంటిమీది బట్టలు తగ్గాయి. చివరికి కోట లేదు, యుద్ధం లేదు, ఆటకు సంబంధించినదేదీ లేదు; స్త్రీ దేహం, దానిపై ‘ప్రభూ’ అన్న పిలుపు. తమను విమర్శించిన ఒక బ్రిటిష్ రచయితపై ఆ కంపెనీ ఆస్ట్రేలియా న్యాయస్థానంలో పరువునష్టం దావా వేసి, 2010లో దాన్ని ఉపసంహరించుకుంది.

అది మొదలు. ఆ తర్వాత ఫోన్లు వచ్చాయి, పెద్ద పెట్టుబడులు వచ్చాయి. అమెరికాలో ఏటా జరిగే సూపర్ బౌల్ అనే ఫుట్‌బాల్ పోటీ ప్రసారంలో ప్రకటన అంటే 2016 నాటికి ముప్పై సెకన్లకు యాభై లక్షల డాలర్ల దాకా చెల్లించవలసి వచ్చిన వ్యవహారం. 2015లో గేమ్ ఆఫ్ వార్ అనే ఆట కోసం కేట్ అప్టన్ అనే మోడల్, అదే ఏడు క్లాష్ ఆఫ్ క్లాన్స్ కోసం లియామ్ నీసన్ అనే నటుడు, 2016లో మొబైల్ స్ట్రైక్ కోసం ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ ఆ ప్రసారంలో కనిపించారు. 2017లో ఎవోనీ కూడా ముగ్గురు సినీ తారలతో అక్కడికి చేరింది. ఊరికే ఆడుకోనిచ్చే ఆటకు అన్ని కోట్లు ఎందుకు ఖర్చు పెడతారు? ఆడేవారిలో అత్యధికులు పైసా కట్టరు. కొద్దిమంది మాత్రం లెక్కలేకుండా కడతారు. ఆ కొద్దిమందిని వర్తక పరిభాషలో తిమింగలాలు అంటారట. ఒక్క తిమింగలం కోసం సముద్రమంతా వల వేయాలి. మావాడు తిమింగలం కాదు, వాళ్ల దృష్టిలో చిన్న చేప. ఆ చిన్న చేప 12,942 రూపాయలు.

మరొక విచిత్రం. మావాడు చూసిన ఇంకో ప్రకటనలో కోటే లేదు. ఒక మనిషి, పైన నిధి, పక్కన నిప్పు, మధ్యలో మేకులు; ఏ మేకు ముందు లాగాలన్న చిక్కుముడి. అది చూసి ఆట దించుకుంటే లోపల ఆ చిక్కుముడి ఎక్కడో గానీ తగలదు. 2020లో బ్రిటన్‌లో ప్రకటనల ప్రమాణాల సంస్థ ఈ తరహా ప్రకటనలు రెండింటిని, హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ అనే ఆటలవాటిని, తప్పుదారి పట్టించేవిగా నిర్ణయించి నిలిపివేసింది. ఇది గోధుమల గోనెలో పైన మంచి గింజలు పోసి అడుగున తడిసినవి దాచిన పద్ధతే. తడిసిన ధాన్యాన్ని పైన పెట్టి చూపించమని, మోసగించేవాడు మనవాడు కాడని దైవప్రవక్త (సఅసం) సంతలో వర్తకుణ్ని మందలించిన ఉదంతం మన పిల్లలందరికీ తెలుసు. మావాడికి ఆ ఉదంతం గుర్తుచేస్తే, “అయితే ఆ మాటలు రాసినవాళ్లు?” అని అడిగాడు. వాడికి అప్పటికింకా నేను చెప్పలేదు.

మన దేశంలోనూ నిబంధనలు లేకపోలేదు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ పదమూడు రకాల మాయోపాయాలను పేర్కొంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందరను కల్పించడం వాటిలో ఒకటి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెం ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ అది డబ్బు గెలుస్తామన్న ఆశతో డబ్బు పెట్టే ఆటల గురించి. మావాడు ఆడిన ఆటలో ఎంత గెలిచినా చేతికి రూపాయి రాదు. పోవడం ఒక్కటే ఉన్నచోట దాన్ని జూదం అనడానికి కూడా వీల్లేకపోయింది.

వీటన్నిటికీ మూలమైన పాత ఆటను నేను ఎరుగుదును. అందుకే నా బాధ మరికొంత ఎక్కువ. 2001లో కర్నూలులో మా పుట్టింటికి కంప్యూటరు వచ్చింది. మా అన్నయ్య, మేము భాయీ అంటాం, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం సీడీ తెచ్చాడు. అది అసలు సీడీ కాదు, నకలు. పరుల కష్టాన్ని దొంగిలించడమన్న స్పృహ అప్పట్లో మాకు లేదు. ఇతరుల తప్పులు ఇన్ని రాసి ఈ ఒక్కటి దాచడం బాగుండదు. ముగ్గురు పల్లెవాసులు, ఒక రౌతు, నాలుగు గొర్రెలతో మొదలయ్యేది. ఆహారం, కలప, బంగారం, రాయి కూడబెట్టి ఒక్కొక్క యుగం దాటుకుంటూ పోవాలి. భాయీ నన్ను ముందు గొర్రెల దగ్గరే కూర్చోబెట్టాడు. “తిండి చూసుకున్నాకే యుద్ధం చెల్లీ” అనేవాడు. ఆట గంటో గంటన్నరో సాగి ముగిసేది. అమ్మ పిలిస్తే నిలిపివేసి అన్నం తిని వచ్చేవాళ్లం. మేము వచ్చేదాకా శత్రువు కూడా కత్తి ఎత్తి నిలబడే ఉండేవాడు. మరునాడు కొండారెడ్డి బురుజు పక్కగా కాలేజీకి వెళుతూ దాన్ని కట్టడానికి ఎంత రాయి పట్టి ఉంటుందని లెక్కవేసేదాన్ని.

అందులో సలాహుద్దీన్ అయ్యూబీ గాథ ఆరు ఘట్టాలుగా ఉండేది. ఆయన మనుషులకు చిక్కిన ఒక ఐరోపా యోధుడు చెబుతున్నట్టుగా ఆ కథ నడుస్తుంది. తనను బందీ చేసినవారి పట్ల అతనికి క్రమంగా గౌరవం కలుగుతుంది. పడమటి దేశంలో తయారైన ఆటలో మన వీరుణ్ని అలా చూపించినందుకు మేమిద్దరం పొంగిపోయాం. హిత్తీన్ యుద్ధం 1187లో జరిగిందని నేను పాఠ్యపుస్తకంలో కాదు, అక్కడ నేర్చుకుని, తర్వాత గ్రంథాలయానికి వెళ్లి చదువుకున్నాను. 1193లో దమాస్కస్‌లో ఆయన మరణించినప్పుడు ఖజానాలో ఒక బంగారు నాణెం, నలభై ఏడు వెండి దిర్హములు మాత్రమే ఉన్నాయని ఆయన వెంట ఉన్న చరిత్రకారుడు బహాఉద్దీన్ రాసి ఉంచాడు. ఇప్పటి ఫోను ఆటలు కొన్నింటిలో ఆయన ఒక సేనాని. ఆయన పూర్తిగా రాడు; ముక్కలు ముక్కలుగా పెట్టెల్లో వస్తాడు. ఏ పెట్టెలో ఎన్ని ముక్కలున్నాయో తెరిచేదాకా తెలియదు. ఆ పెట్టెలకు డబ్బు కట్టాలి. ఇటువంటి పెట్టెలు జూదమేనని 2018లో బెల్జియం నిర్ణయించింది. మావాడు కట్టిన 1,799 రూపాయలలో రెండుసార్లవి ఆ పెట్టెలకే. ధనం కూడబెట్టని మనిషిని ధనం గుంజడానికి అమ్ముతున్నారు.

భాయీ ఇప్పుడు జిద్దాలో ఉన్నాడు. ఫోను చేసి జరిగినదంతా చెప్పాను. మేనల్లుణ్ని కోప్పడతాడనుకున్నాను. చాలాసేపు మౌనంగా ఉండి, “నేనూ ఆడుతున్నాను చెల్లీ. రెండేళ్ల నుంచి” అన్నాడు. గదిలో ఒంటరిగా ఉన్న రోజుల్లో పాత ఆట బొమ్మలాంటి బొమ్మ ఫోనులో కనిపించిందట. మన ఇల్లు, అమ్మ పిలుపు గుర్తొచ్చాయట. ఎంత పోయిందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ ప్రకటనలను పాత ఆటల రూపురేఖలతో ఎందుకు చేస్తారో నాకు అప్పుడు తెలిసింది. పిల్లలకు అది కొత్త వింత. నలభై దాటినవారికి పోగొట్టుకున్న ఇల్లు.

తర్వాత జరిగినవి క్లుప్తంగా చెబుతాను. యాప్ అమ్మిన దుకాణానికి విన్నవించుకుంటే చివరి కొనుగోలు 1,799 రూపాయలు తిరిగి వచ్చాయి. మిగతావాటికి గడువు దాటిందన్నారు. రహస్య సంఖ్య మార్చాను. సొమ్ము మావారు సర్దారు, అత్తగారికి యంత్రం వచ్చింది. ఆమె దానితో మొదట విన్నది మా ఇంటి ఫ్యాను ఎంత చప్పుడు చేస్తుందన్నది. రెండు రోజులు దాన్నే తిట్టారు.

ఏజెన్సీ నుంచి మళ్లీ ఒక ఆట ప్రకటన పని వచ్చింది. మాటల వెంట బొమ్మ కూడా పంపితేనే రాస్తానని జవాబిచ్చాను. బెంగళూరు నుంచి మాట్లాడే అమ్మాయి, “బొమ్మలు అనువాదకులకు ఇవ్వరు మేడమ్, మా దగ్గరా ఉండవు” అంది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదనే నా నమ్మకం. మాటలు ఒకచోట, బొమ్మలు మరోచోట, గొంతు ఇంకోచోట తయారవుతాయి. అన్నీ కలిసేది మన పిల్లవాడి ఎదుటే. అందువల్ల ఎవరికీ వారు చేసింది తప్పుగా కనిపించదు. నాకూ కనిపించలేదు. ఆ పని వదులుకున్నాను. అప్పటినుంచి ఏజెన్సీ పంపే మిగతా పనులు కూడా తగ్గాయి.

‘రండి ప్రభూ’ అన్నది రాసింది ఎవరో మావాడికి చెప్పడానికి నాకు మరో వారం పట్టింది. విని, నవ్వుతాడో కోప్పడతాడో తెలియక నేను చూస్తుండగా, “‘ప్రజలు నిద్రపోవడం లేదు’ కూడా నువ్వేనా అమ్మీ?” అన్నాడు. అవునన్నాను. “అది చూసే దించుకున్నా” అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఆటను తీసివేయడానికి ముందు వాడొక గంట అడిగాడు, ఇచ్చాను. పక్కన కూర్చుని చూశాను. నగరంలో మిగిలిన ధాన్యం, కలప అంతా జట్టులోని చిన్నవాళ్లకు పంపాడు. అందరికీ సలాం రాశాడు. ఇండోనేషియా కుర్రాడొకడు ఎందుకు వెళుతున్నావని అడిగితే, పరీక్షలని రాశాడు. కవచం వేయకుండానే మూసేశాడు.

మరునాడు నాలుగున్నరకు వాడికి మెలకువ వచ్చింది. అలవాటు. హాల్లోకి వచ్చి, చార్జింగు దగ్గర ఫోను లేకపోవడం చూసి, కాసేపు చీకట్లో నిలబడి, వుజూకు వెళ్లాడు. రెండో రోజూ లేచాడు. మూడో రోజు లేవలేదు. చెవిలో యంత్రం పెట్టుకుని అత్తగారు, “అజాన్ అవుతోంది, పిల్లవాడేడీ?” అని అడిగారు. వెళ్లి దుప్పటి లాగాను.